కటింగ్ మాస్టర్ దాహం

మెలకువ రాగానే అతనికి ఫ్యాను కనిపించింది. అది తమ ఇంటి ఫ్యాను కాదు. తమ దానికి మూడు రెక్కలు, అందులో ఒకటి కొంచెం వంగి ఉంటుంది. దీనికి నాలుగున్నాయి, నాలుగూ తిన్నగానే ఉన్నాయి. ఎక్కడున్నానో చూద్దామని లేవబోతే, తల లోపల ఎవరో ఇనప బల్లను ఈ మూల నుంచి ఆ మూలకు ఈడ్చినట్టయింది. మళ్ళీ పడుకున్నాడు.

నాలుక పిడచకట్టుకుపోయింది. పెదాలు విడదీస్తే చర్మం ఊడివచ్చేటట్టుంది. వీపు వెనక రెండు దిండ్లు గట్టిగా దోపి ఉన్నాయి, వెల్లకిలా తిరగడానికి వీల్లేకుండా. మంచం పక్కన బకెట్టు. గోడ గడియారంలో పది దాటింది. పగలు పదింటిదాకా పడుకున్న రోజు తన యాభై ఆరేళ్ళ బతుకులో ఒక్కటీ గుర్తు రాలేదు. పక్షవాతమేమోనన్న అనుమానం వచ్చి, దుప్పటి కింద వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాడు. పదీ కదిలాయి. కానీ పదీ వణుకుతున్నాయి. చేతి మీద బతికే మనిషికి ఆ వణుకు పక్షవాతం కన్నా తక్కువదేం కాదు.

అప్పుడు గోడ మీద అమ్మ ఫొటో కనిపించి కాస్త ధైర్యం వచ్చింది. అయితే ఇల్లు మనదే, ఫ్యానే ఎవరో మార్చారు అనుకున్నాడు. తీరా చూస్తే ఫొటో చట్రం వేరు. తమ ఇంట్లో ఉన్నది నల్ల చట్రం, ఇది చెక్క రంగుది. ఇంతలో వంటింట్లోంచి చిన్నగా ఎవరో దగ్గారు. ఆ దగ్గును అతను ఎంత గుంపులోనైనా పోల్చుకోగలడు. అది అక్క దగ్గు.

అక్కతో మాటలు లేక మూడేళ్ళయింది. ఈ ఇంటి గడప తొక్కీ మూడేళ్ళే. మరి ఈ మంచం మీదికి ఎలా వచ్చి పడ్డాడు? ఎంత ఆలోచించినా పాలుపోలేదు.

అక్క సీసా, గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి కిందటేడే రిటైరయింది. అయినా మంచం దగ్గరికి వచ్చే తీరు మాత్రం మారలేదు. ముందు కళ్ళు చూసింది, తర్వాత మణికట్టు పట్టుకుని నాడి చూసింది, ఆ తర్వాతే నోరు విప్పింది.

"లేచి కూర్చో. ఒక్కో గుక్కే తాగు. గడగడా పోసుకుంటే మళ్ళీ కక్కుతావు."

'మళ్ళీ' అన్న మాట దగ్గర అతను ఆగిపోయాడు. మూడేళ్ళ తర్వాత అక్క తనతో అన్న మొదటి మాట ఇది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక గ్లాసు అందుకున్నాడు. ఆ నీళ్ళు తియ్యగానూ లేవు, ఉప్పగానూ లేవు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలని, కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలని ఆవిడ ఎన్ని వందలమందికి చెప్పి ఉంటుందో. తమ్ముడికి మాత్రం ఏమీ చెప్పలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి, మళ్ళీ నింపి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అతను యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్. పొడవాటి బల్ల మీద అరవై పొరల గుడ్డ పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, కరెంటు కత్తితో అరవైనీ ఒకేసారి కోస్తాడు. గీత అరంగుళం తప్పితే ఒక ప్యాంటుతో పోదు, అరవై ప్యాంట్లూ గుడ్డపీలికలవుతాయి. పని నేర్పిన పెద్ద మాస్టరు రెండింటికి దూరంగా ఉండమని మొదటిరోజే చెప్పాడు: కోపానికి, మందుకి. రెండూ మర్నాడు చేతిలోకి దిగుతాయట. కోపం సంగతి ఎలా ఉన్నా, మందు మాత్రం అతను ముప్పై ఏళ్ళుగా ముట్టలేదు. పెళ్ళిళ్ళలో, పార్టీల్లో గ్లాసు చేతికిస్తే పక్కవాడికి అందించి, నవ్వి తప్పుకునేవాడు.

అతను ముట్టనిది ఇంకొకటి ఉంది, అది నీళ్ళు. కార్ఖానా మూడో అంతస్తులో, రేకుల కప్పు కింద. మరుగుదొడ్డి అట్టడుగున, నేల మీద. పొరలు పరిచాక బల్ల వదిలి వెళితే గుడ్డ జరుగుతుందని భయం. అందుకని పొద్దున ఒక టీ తాగి వచ్చాడంటే భోజనం వేళదాకా గొంతు తడిపేవాడు కాదు. చొక్కా వీపున చెమట ఆరి ఉప్పు చారలు తేలేవి. అదొక క్రమశిక్షణ అనుకునేవాడు కూడా.

నిన్న మధ్యాహ్నంతో ఒక పెద్ద ఆర్డరు పూర్తయింది. బడిపిల్లల యూనిఫారాలు, నాలుగు వేల జతలు, పంతొమ్మిది రోజుల్లో. చివరి మూట బండెక్కగానే యజమాని అందరికీ మర్నాడు సెలవిచ్చి, నాలుగు గంటలకల్లా అదే కటింగ్ బల్ల మీద కాగితాలు పరిపించి, సీసాలూ ఐసూ తెప్పించాడు. ఆ ఆఖరి రోజు హడావుడిలో అతను భోజనం కూడా చేయలేదు. ఇస్త్రీ పని చేసేవాడు, ఇరవై ఏళ్ళుగా స్నేహితుడు, ఐసు వేసిన గ్లాసొకటి చేతిలో పెట్టాడు. గ్లాసు చుట్టూ నీటి బొట్లు జారుతున్నాయి. పక్కవాడికి అందించబోయిన చెయ్యి ఎందుకో ఆగింది. ఎందుకేమిటి, దాహం వేసింది. అంతకన్నా పెద్ద కారణం వెతికినా దొరకలేదు అతనికి.

మొదటి గ్లాసు చల్లగా దిగింది. దాహం తీరలేదు. రెండోది తాగాడు. ఒంటేలుకి మూడంతస్తులు దిగి వచ్చాడు. వచ్చేసరికి దాహం ఇంకా పెరిగింది. మూడోది తాగాడు, మళ్ళీ దిగాడు. మెట్ల మధ్యలో నిలబడి లెక్కపెట్టుకోవడం గుర్తుంది: తాగింది మూడు గ్లాసులు, దిగింది నాలుగోసారి, మరి ఇన్ని నీళ్ళు ఎక్కడివి? ఆ లెక్క తేలకముందే జ్ఞాపకం తెగిపోయింది. దానికి ఇవతలి అంచు ఈ నాలుగు రెక్కల ఫ్యాను.

అక్కని అడగాల్సినవి చాలా ఉన్నాయి. నేనెలా వచ్చాను? ఏం మాట్లాడాను? నువ్వెందుకు రానిచ్చావు? ఒక్కటీ అడగడానికి మొహం చెల్లలేదు. ఆవిడ బ్రెడ్డుముక్కలు, అరటిపండు తెచ్చినప్పుడు మాత్రం, ఏదో ఒకటి అడగాలి కాబట్టి మెట్ల మీది లెక్కే అడిగాడు.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇలాంటి ప్రశ్న ఎవరడిగినా కూర్చునే చెబుతుంది.

"మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే అది మూత్రపిండాలకి కబురు పంపిస్తుంది, నీళ్ళు వదలకండి, దాచిపెట్టండి అని. మందు ఆ కబురుని బయల్దేరనివ్వదు. కబురు అందక అవి వదులుతూనే ఉంటాయి. నువ్వు తాగినదానికన్నా ఎక్కువే పోతుంది. అసలే పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగి ఉండవు. కడుపు ఖాళీ, పైన రేకులు. దాహానికి మందు తాగేవాళ్ళని నేను చాలామందిని చూశాన్రా. దాహం తీరినవాడిని ఒక్కణ్ణీ చూడలేదు."

అయితే నీళ్ళు తాగితే తలనొప్పి పోతుందా అని అడిగాడు. కొంత పోతుందంది. మిగతాది నీళ్ళ వల్ల వచ్చింది కాదట. మందు ఒంట్లో విరిగి చెత్త తయారవుతుందని, కాలేయం దాన్ని తన తీరిక ప్రకారం కడుక్కోవాల్సిందేనని, తొందరపెట్టే మాత్ర ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదని చెప్పింది. రాత్రంతా మత్తులో పడి ఉన్నది నిద్ర కిందికి రాదు కాబట్టి మళ్ళీ పడుకోమంది. సాయంత్రానికి మనిషివవుతావు అని లేచింది.

చేతుల వణుకు సంగతి అడగలేకపోయాడు. చేతులు దుప్పటి కింద దాచుకున్నాడు.

అక్క అటు వెళ్ళగానే బావ ఇటు వచ్చాడు. బావ లారీ డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. తాగుడు కూడా చాలాకాలం చేసి మానేశాడు, అందుకని ఈ విషయంలో తనకు అనుభవం ఉందని నమ్మకం. తలుపు వైపు ఓ కన్నేసి, చిన్న గ్లాసుడు అదే మందు పుచ్చుకుంటే చిటికెలో తేరుకుంటావని బామ్మర్ది చెవిలో ఊదాడు. ఈలోగా ఇస్త్రీ స్నేహితుడు ఫోను చేసి, పచ్చి గుడ్డు గిలక్కొట్టి ముక్కు మూసుకుని మింగమన్నాడు. ఆ తర్వాత భార్య ఫోను. నిన్న సాయంత్రమే వదిన ఫోను చేసి చెప్పిందట, అందుకని కంగారు లేదు, కోపమే ఉంది. చన్నీళ్ళ స్నానం చేసి రెండు కప్పుల చిక్కటి కాఫీ తాగమని, తలనొప్పి మాత్ర రెండు వేసుకోమని, వచ్చాక మాట్లాడతానని పెట్టేసింది.

అతను మాత్ర కావాలో, కాఫీ కావాలో, గుడ్డు కావాలో తేల్చుకోలేక వంటింటి గుమ్మం దగ్గరికి గోడ పట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు. అక్క కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే ఒక్కొక్కటీ కొట్టిపారేసింది. మళ్ళీ మందు తాగితే నొప్పి వాయిదా పడుతుంది, వడ్డీతో వస్తుంది. పచ్చి గుడ్డు వల్ల కడుపు పాడవడం తప్ప ఒరిగేదేం లేదు. రోజూ తాగే టీ ఒక కప్పు తాగొచ్చు, కాఫీ కప్పులకి కప్పులు వద్దు. జ్వరానికీ తలనొప్పికీ వేసుకునే మాత్ర ఈ పూట అసలు వద్దు, కాలేయం ఇప్పటికే చాకిరీ చేస్తోంది. మిగతా నొప్పి మాత్రలు ఈ కడుపుకి పడవు.

"మరి ఏం చెయ్యను?"

"నీళ్ళు తాగు, ఏదైనా తిను, పడుకో. ఒంటికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఏ రంగు?"

యాభై ఆరేళ్ళవాడు అక్క ముందు నీళ్ళు నమిలాడు. ముదురు పసుపు అని చివరికి చెప్పాడు. లేత రంగులోకి వచ్చేదాకా సీసా వదలొద్దంది.

ఇదంతా బాగానే ఉంది. అసలు సంగతే తెలియడం లేదు. అక్క కోపంగా లేదు, ప్రసన్నంగానూ లేదు. పరాయి రోగికి చేసినట్టు చేస్తోందా, తమ్ముడికి చేసినట్టు చేస్తోందా? ముప్పై నాలుగేళ్ళు ఆ రెండూ ఒకే చేత్తో చేసిన మనిషి మొహం చూసి కనిపెట్టడం అతని వల్ల కాలేదు. ముందు గదిలో బావ దగ్గర కూపీ లాగడమే నయమనిపించింది.

బావ దాచుకునే రకం కాదు. దీపాలు పెట్టే వేళకి వచ్చావన్నాడు. ఇస్త్రీ స్నేహితుడు ఇంటిదాకా దింపుదామని బస్సెక్కించాడట. నాలుగు స్టాపుల ముందే, అక్క దగ్గర పనుందని తనే లేచి దిగిపోయాడట. ఎంత లాగినా ఆగకపోతే పాపం ఆ స్నేహితుడూ దిగి గేటు దాకా తోడొచ్చాడట. ఎవరూ తీసుకురాలేదు, తన కాళ్ళే తీసుకొచ్చాయన్నమాట. కటింగ్ మాస్టర్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఇంతకీ నేనేమన్నాను బావా?"

"ఏమన్నావో నాకేం తెలుస్తుంది? గుమ్మంలో కూలబడి ఒకటే మాట. కుండీలో పోసింది, కుండీలో పోసింది అని. మా కుండీల్లో ఎవరేం పోశారో అని నేను టార్చి తీసుకుని వెళ్ళి అన్నీ చూసొచ్చాను. ఏం లేదు."

"అక్క ఏమంది?"

"ఏమీ అనలేదు. నిన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, కక్కితే గొంతుకు అడ్డం పడకుండా వీపున దిండ్లు పెట్టింది. తెల్లారేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంది, ఊపిరి లెక్కపెడుతూ."

ఎవరికీ చెప్పని మాట, పెళ్ళానికి కూడా చెప్పని మాట, సగం జారిపోయింది. ఆ సగం అక్కకి అర్థమైందా, కాలేదా?

అది అమ్మ సంగతి. ఆఖరి ఏళ్ళలో అమ్మ రెండు నెలలు కొడుకు దగ్గర, రెండు నెలలు కూతురి దగ్గర ఉండేది. మూడేళ్ళ కిందట మండే ఎండల్లో, కూతురి ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజున అమ్మ పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళితే ఒంట్లో నీళ్ళు బాగా తగ్గిపోయాయని, ఈ వయసులో నిలబడటం కష్టమని డాక్టరు చెప్పాడు. రెండు రోజులకి పోయింది. ఆసుపత్రి వరండాలో, అక్కతో కలిసి పనిచేసేవాళ్ళందరి ముందూ అతను ఒక మాట అన్నాడు. ఊళ్ళో అందరికీ సెలైన్లు ఎక్కించావు, కన్నతల్లికి గ్లాసుడు నీళ్ళు పట్టలేకపోయావా అని. అక్క జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచి అసలేమీ చెప్పలేదు.

అయితే అంతకు ముందు నెలలో తన ఇంట్లో ఒక పగలు అతను చూశాడు. అమ్మ తన గ్లాసులోని నీళ్ళు కిటికీలో ఉన్న కుండీలో పోసి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, కోడలితో తాగేశానంది. మర్నాడూ చూశాడు. ఎందుకో కూడా అర్థమైంది. మోకాళ్ళ నొప్పి. బాత్రూము పెరటి చివర ఉంది. నీళ్ళు తాగితే లేవాలి, లేస్తే ఎవరినో ఒకరిని పిలవాలి. మంచం అటు వైపు మార్పిద్దాం అనుకున్నాడు. అప్పుడూ ఏదో ఆర్డరే. ఈలోగా అమ్మ అక్క ఇంటికి వెళ్ళే రోజు వచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వరండాలో ఆ మాట ఎందుకంత గట్టిగా అన్నాడో అతనికి అప్పటికే తెలుసు.

మధ్యాహ్నం దాకా పడుకున్నాడు కానీ నిద్ర రాలేదు. మూడింటికి లేచేసరికి తల తేలికపడింది, చేతుల వణుకు తగ్గింది. అక్క వెనక వరండాలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అతను ఎదురుగా కూర్చుని, ఒక దుప్పటి కొస అందుకుని, తల వంచుకుని మొత్తం చెప్పాడు. కుండీ, గ్లాసు, రెండు రోజులు చూడటం, మంచం మార్పించకపోవడం. మాటలు వంకరటింకరగా వచ్చాయి. మడత మాత్రం తిన్నగా పెట్టాడు.

అక్క ఆ దుప్పటి అందుకుని మడతల మీద పెట్టింది. బావ రేడియో ఏదో చెప్పుకుపోతోంది.

"అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే, ఎదురుగా కూర్చుని తాగించేదాన్ని," అంది.

అతను తలూపాడు.

"చెప్పలేదు. సరే. నువ్వు గుడ్డ కోసేవాడివి, నేను నర్సుని. నాలుక ఎండిందో లేదో చూడాల్సింది నేను. తొమ్మిది రోజులు పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తుతూ, నీళ్ళు తాగమ్మా అని గుమ్మంలోంచి చెప్పి వెళ్ళాను. సింకులో గ్లాసు రోజూ తడిగానే ఉండేది. తాగిందనుకున్నాను."

అంతే. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. ఇంకో దుప్పటి తీసి రెండు కొసలు తమ్ముడి చేతికిచ్చింది. రాత్రి కుండీ మాట వినగానే నీకు అర్థమైపోయిందా అని అడుగుదామనుకుని నోరు తెరిచాడు. ఆవిడ దుప్పటి లాగి సరిచేయమంది. అడగలేదు.

సాయంత్రం బస్సు స్టాపు దాకా బావ వచ్చాడు. సంచిలో అక్క ఇచ్చిన చక్కెర ఉప్పు నీళ్ళ సీసా ఉంది. బస్సులో కూర్చున్నాక అతను ఎంతో ఆలోచించాడు. గొడవ ముగిసిందా? మళ్ళీ రావచ్చా? ఇంటికెళ్ళి భార్య అడిగితే ఏం చెప్పాలి? భార్య అడగనే అడిగింది. ఏమో, నాకూ తెలియడం లేదన్నాడు. ఆమె తయారుచేసి పెట్టుకున్న తిట్లన్నీ ఆ మొహం చూసి మానేసింది.

మర్నాడు పదకొండు గంటలకి కార్ఖానాలో కొత్త గుడ్డ పరుస్తుంటే ఫోను మోగింది. అక్క. మంచి లేదు, చెడ్డ లేదు.

"నీళ్ళు తాగావా?"

లేదన్నాడు. తాగమంది, పెట్టేసింది. ఆ మర్నాడు అదే వేళకి మళ్ళీ. ఇక రోజూ. అతను నీళ్ళు తాగి, అవసరమైనప్పుడు పొరల మీద ఇనప బరువులు పెట్టి, మూడంతస్తులు దిగి ఎక్కడం మొదలుపెట్టాడు. గుడ్డ జరగలేదు. ఇన్నేళ్ళూ జరుగుతుందని ఎందుకనుకున్నాడో తెలియలేదు. ఇస్త్రీ స్నేహితుడు ఆ ఫోనుకి ఆసుపత్రి గంట అని పేరు పెట్టాడు. మందు మాత్రం అతను మళ్ళీ ముట్టలేదు. ఎవరైనా గ్లాసు ఇస్తే, దాహం లేదని చెబుతాడు.

ఆ ఫోను ప్రేమో, డ్యూటీయో, శిక్షో అతను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకటి రెండుసార్లు అడగబోయాడు, ఆవిడ ఏ రంగు అని అడిగి మాట తప్పించింది.

వానాకాలం మొదట్లో ఒకరోజు పదకొండున్నర అయినా ఫోను రాలేదు. అతను రెండుసార్లు గీసిన గీతే గీశాడు. తర్వాత సుద్ద పక్కన పెట్టి తనే చేశాడు. అక్క ఎత్తింది. ఇంట్లో సున్నాలు వేయిస్తున్నామని, పొద్దున్నుంచి నడుం వాల్చలేదని, టైము చూసుకోలేదని చెప్పింది. గొంతు ఎండిపోయినట్టుంది.

"నువ్వు తాగావా?" అన్నాడు.

ఇంకా లేదంది. వెళ్ళి తాగి రమ్మని, తను లైన్లోనే ఉంటానని చెప్పి, కటింగ్ బల్లకి ఆనుకుని అతను ఫోను చెవి దగ్గరే పట్టుకున్నాడు.